కుడివైపు సంగతి

ఐసీయూ నుంచి వార్డుకి తెచ్చి మంచం మీదికి మార్చేటప్పుడే ఆవిడకి వీపు వెనక ఏదో లాగినట్టయింది. దుప్పటి నాలుగు చెరగులూ నలుగురు పట్టుకుని, "ఒకటి, రెండు, మూడు" అని, చక్రాల బల్ల మీంచి మంచం మీదికి ఒక్క ఊపున జరిపారు. అప్పుడు కుడి రెక్క కింద, చొక్కా గుండీ తెగినప్పుడు వచ్చేపాటి చప్పుడు. చప్పుడని కూడా అనలేం, చప్పుడు లాంటిది.

"ఇబ్బందేమైనా ఉందా అమ్మా?" అని అడిగింది నర్సు.

"ఏం లేదమ్మా," అంది ఆవిడ.

ఆవిడ నోట్లో ఆ మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. బస్సు డిపోలో ఫిర్యాదుల కిటికీ వెనక కూర్చునే ఉద్యోగం ఆవిడది. డ్రైవరు చెయ్యెత్తినా ఆపలేదని, కండక్టరు చిల్లర ఎగ్గొట్టాడని, సీట్లో మేకు లేచి బట్టలు చిరిగాయని, గొడుగు పోయిందని పొద్దస్తమానం జనం వచ్చి చెప్పుకుంటారు. ఆవిడ ఓపిగ్గా విని, రాసుకుని, "చూస్తాం" అంటుంది. ఇన్నేళ్ళు విన్నాక ఆవిడకి ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది: ఎంత అరిస్తే అంత తక్కువ తగిలినట్టు. నిజంగా దెబ్బ తిన్నవాళ్ళు కిటికీ దాకా రానే రారు. తనని తాను ఆ రానివాళ్ళలో జమకట్టుకుంది. డిపోలో అందరూ కిటికీ మేడమ్ అని పిలిచే ఆవిడ గుండెలో రక్తనాళాలు పూడుకుపోయిన సంగతి, ఆవిడ ఒకరోజు ఆ కిటికీ దగ్గరే కూలబడేదాకా ఎవరికీ తెలియలేదు.

ఇంటికి కావలసిన ఫిర్యాదులన్నీ ఆవిడ తరఫున కూడా భర్తే చేస్తూ వచ్చాడు. ఫోటోలకి ఫ్రేములు కట్టే దుకాణం ఆయనది. భార్య ఆపరేషన్ నాడు కంగారులో మేకు మీద కొట్టాల్సిన సుత్తి బొటనవేలి మీద కొట్టుకున్నాడు. గోరు నల్లబడింది. గోరంతలు కొండంతలు చేస్తారని మిగతావాళ్ళ గురించి అంటారు గానీ, ఆయన విషయంలో అది నిజంగానే గోరంత. భార్య మంచం పక్కన నిలబడి, ఆ వేలిని జెండా కర్రలా పైకెత్తి పట్టుకుని, వచ్చిన నర్సుకల్లా చూపించాడు.

"సలుపు. నరం లాగేస్తోంది. భుజం దాకా పాకింది చూడండి," అన్నాడు.

"బాబుగారూ, పేషెంటు మీరు కాదు," అంది నర్సు.

"అడగందే అమ్మైనా పెట్టదు కదమ్మా. అందుకని అడుగుతున్నా."

సాయంత్రం మత్తు డాక్టరు వచ్చాడు. కుర్రాడే, సన్నగా, పొడుగ్గా, నిద్ర చాలని కళ్ళతో ఉంటాడు. ఆపరేషన్‌కి ముందు ఆవిడ వీపులో వెన్నెముకకి రెండు పక్కలా దారమంత గొట్టాలు పెట్టినవాడు ఆయనే. వాటి రెండో కొసలు మంచానికి తగిలించిన గుడ్డసంచీలోకి వెళ్తాయి. సంచీలో పిల్లలు ఆడుకునే బంతుల్లా రెండు మందు బుడగలు. అవి నెమ్మదిగా కుంచించుకుపోతూ మందుని గొట్టాల్లోకి తోస్తాయి. ఛాతీకి వెళ్ళే నరాలు వీపు దగ్గరే మొద్దుబారిపోతాయి. మనిషి మెలకువగా ఉంటుంది, మాట్లాడుతుంది, ఎముక కోసిన చోట నొప్పి మాత్రం తెలియదు. ఈ ఆసుపత్రిలో గుండె ఆపరేషన్‌కి అలా పెట్టించుకున్న మొదటి మనిషి ఆవిడే.

డాక్టరు సంచీలోకి తొంగిచూశాడు. బుడగలు రెండూ సమానంగా తగ్గాయి. ఆయన ముఖం విప్పారింది.

"అమ్మా, అదే ప్రశ్న. సున్న అంటే అసలు నొప్పి లేదు. పది అంటే ఇంతకంటే నొప్పి ఈ లోకంలో ఉండదు. ఇప్పుడెంత?"

ఐసీయూలో ఆవిడ ఒకటి అని చెప్పింది, అది నిజం కూడా. ఈ పూట ఎడమవైపు అలాగే హాయిగా ఉంది. కుడివైపు మాత్రం ఎవరో లోపల కుంపటి రాజేస్తున్నట్టు మొదలైంది. ఊపిరి కొంచెం లోతుగా తీస్తే నిప్పు ఎగుస్తోంది. ఆవిడ డాక్టరు ముఖంలోకి చూసింది. పరీక్ష ఫలితం కోసం గోడ దగ్గర నిలబడ్డ పిల్లాడిలా ఉన్నాడు.

"రెండు," అంది.

"రెండు," అన్నాడు డాక్టరు నర్సుతో, ఆవిడేదో పతకం గెలిచినట్టు. "అయితే వేరే నొప్పి ఇంజెక్షన్ అక్కర్లేదు."

పక్క మంచం మీద డ్రైవింగ్ స్కూలు నడిపే ఆమె ఉంది. ఆమెకి గుండెలో కవాటం మార్చాలి, ఇంకో మూడు రోజుల్లో ఆపరేషన్. కొత్తవాళ్ళ చేతికి స్టీరింగిచ్చి లారీల మధ్యకి తోలించే ధైర్యం ఉన్న మనిషి, ఆసుపత్రి గౌను వేసుకున్న దగ్గర్నుంచీ వణుకుతోంది.

"ఆయన నాకూ పెడతానన్నారక్కా, ఆ గొట్టాలు," అంది. "నిజంగా రెండేనా?"

"రెండే," అంది ఆవిడ, తల మాత్రం తిప్పి.

*

మర్నాడు పొద్దున పెద్ద డాక్టరు వచ్చాడు. కోసింది ఆయనే. పొట్టిగా, గట్టిగా, తలుపు తోసుకుని రావడమే తెలిసినట్టుండే మనిషి. వెనక మత్తు డాక్టరు, ఆ వెనక నర్సు.

"సార్, రెండు," అన్నాడు మత్తు డాక్టరు. "ఒక్క ఇంజెక్షన్ కూడా పడలేదు."

పెద్ద డాక్టరు కుట్టు చూసి, కాలి వాపు నొక్కి చూసి, ఆవిడ ముఖం చూశాడు. "ఏం పనిచేస్తారమ్మా మీరు?"

"బస్సు డిపోలో, ఫిర్యాదుల దగ్గర."

"చూశావా," అన్నాడు ఆయన కుర్రాడి వైపు తిరిగి. "బస్సు ప్రయాణికుల్ని భరించిన మనిషి. నువ్వు వీపులో గొట్టం పెట్టినా రెండే అంటుంది, గడ్డిపరక పెట్టినా రెండే అంటుంది. ఈవిడ గట్టి మనిషి. దీంతో నాకేం తెలుస్తుంది?"

"మరి ఎవరు చెబితే నమ్ముతారు సార్?"

"నువ్వు గొట్టాలు పెట్టడానికి అరగంట తీసుకున్నావు. ఆ అరగంటా నేను చేతులు కడుక్కుని, చేతులెత్తుకుని నిలబడ్డాను. ఇన్నేళ్ళుగా ఛాతీలు కోస్తున్నాను, అందరూ నాలుగు రోజులు మూలిగి నడుచుకుంటూ ఇంటికెళ్ళారు. ఎల్లుండి ఈ డ్రైవింగ్ ఆమెకి గొట్టాలు వద్దులే, మామూలుగానే చేద్దాం."

డ్రైవింగ్ ఆమె ముఖం పాలిపోయింది. మత్తు డాక్టరు సంచీలో బుడగలు సర్దినట్టు చేసి వెళ్ళాడు. ఆవిడకి ఇప్పుడు నిజం మింగలేక కక్కలేక అయింది. రెండంటేనే ఇలా ఉంటే, కుడివైపు సంగతి బయటపెడితే ఇంకేమన్నా ఉందా? ఆ కుర్రాడి పని అంతటితో సరి. పక్క మంచం ఆమె పనీ సరి.

వాళ్ళటు వెళ్ళగానే ఊపిరి టీచరు వచ్చింది. ఆమె అసలు ఉద్యోగం ఫిజియో, ఆ పేరు ఫ్రేముల ఆయన పెట్టింది. మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఆవిడ చేతికిచ్చి, గొట్టంలోంచి ఊపిరి లాగి బంతులు పైకి లేపమంది. ఒక బంతి బద్ధకంగా కదిలి పడుకుంది. తర్వాత ఒక దిండు ఇచ్చి, ఛాతీకి హత్తుకుని దగ్గమంది.

ఆవిడ దిండు హత్తుకుని, గొంతు చివర్నుంచి, "ఖళ్," అంది.

"మీరు దగ్గుతున్నారా, తలుపు దగ్గర నిలబడి ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని అడుగుతున్నారా?"

"దగ్గానమ్మా."

"లోపల్నుంచి రావాలి. మీకు నొప్పి రెండే అని రాసుంది. రెండు నొప్పి ఉన్నవాళ్ళు ఇలా దగ్గరు." ఆ పిల్ల స్టెతస్కోపు పెట్టి కుడివైపు అడుగున చాలాసేపు విన్నది. "ఇక్కడ గాలి ఆడటం లేదు. కఫం చేరితే జ్వరమొస్తుంది, మళ్ళీ ఐసీయూకి పంపిస్తారు. పోనీ నాకోసం ఒక్కటి గట్టిగా."

ఆవిడ "ఖళ్ళ్" అని పొల్లు ఒకటి ఎక్కువ చేర్చింది. ఊపిరి టీచరు తల అడ్డంగా ఊపుతూ వెళ్ళిపోయింది.

ఈ లోపల ఫ్రేముల ఆయన కింద అంతస్తులో అడగాల్సినవాళ్ళని అడిగి, వేలికి తెల్లటి కట్టు కట్టించుకుని, ఒక ఇంజెక్షన్ కూడా పొడిపించుకుని పైకొచ్చాడు. బొటనవేలు ఇప్పుడు ఐస్‌క్రీములా ఉంది.

"నన్నూ అడిగారు, సున్న నుంచి పది దాకా ఎంత అని," అన్నాడు గర్వంగా. "ఎనిమిది అన్నా. వెంటనే సూది వేశారు. ఇప్పుడు ప్రాణం తేలిగ్గా ఉంది." సాయానికొచ్చినవాళ్ళు కూర్చునే బల్ల మీద కాళ్ళు చాపుకుని, కట్టిన వేలిని గుండెల మీద పెట్టుకుని, కాసేపట్లో గుర్రు పెట్టాడు.

ఆవిడ ఆయన్ని చూస్తూ పడుకుంది. ఆయన ఛాతీ లేస్తోంది, పడుతోంది, లేస్తోంది. ఎంత లోతైన ఊపిరి. ఎంత అన్యాయమైన ఊపిరి.

*

మధ్యాహ్నం పక్కలు మార్చే ఆయా వచ్చింది. మంచి మనిషి, గొంతు మాత్రం పెద్దది. ఆవిణ్ణి ఒక పక్కకి ఒత్తిగిలించి, పాత దుప్పటి లాగుతూ ఆగింది. చెయ్యి పెట్టి చూసింది.

"పర్లేదు పెద్దమ్మా," అంది, మూడు మంచాల అవతలికి వినపడేలా. "ఆపరేషన్ అయ్యాక ఇది అందరికీ మామూలే. సిగ్గుపడకు."

"ఏది మామూలు?"

"పక్క తడపడం."

ఆవిడ తల వెనక్కి తిప్పింది. "నేను తడపలేదు."

"అందరూ అదే అంటారమ్మా."

"తడి వీపు దగ్గర్నుంచి ఉంది చూడు. మంచం తలవైపు ఎత్తి ఉంది. కింది తడి పైకి ఎలా పాకుతుంది?"

ఆయా దుప్పటి వైపు, మంచం వైపు, మళ్ళీ దుప్పటి వైపు చూసింది. "ఏమోనమ్మా, పెద్దాసుపత్రి, ఇక్కడ ఏదైనా జరుగుతుంది," అని పరుపు మీద రబ్బరు షీటు పరిచి, దాని మీద కొత్త దుప్పటి వేసి, బుగ్గ తట్టి వెళ్ళింది. ఆవిడ ఏ మాత్రం కదిలినా రబ్బరు షీటు కరకరమని వార్డంతటికీ చాటింపు వేయడం మొదలెట్టింది.

ఫ్రేముల ఆయన లేచి, సంగతి గ్రహించి, గొంతు బాగా తగ్గించాడు. "నేనెవరికీ చెప్పన్లే. నాకొదిలెయ్."

"చెప్పడానికేం లేదండీ. చెమటేమో అది."

"చెమటే. చెమటే అనుకుందాం," అని ఆయన కిందికెళ్ళాడు. లిఫ్టు నడిపే అతన్ని ఇలాంటివి ఎక్కడ దొరుకుతాయని అడిగి, మందుల షాపువాడితో ఆవిడ నడుం కొలత చర్చించి, పెద్ద ప్యాకెట్టొకటి చంకలో పెట్టుకుని వచ్చాడు. పెద్దవాళ్ళకి తొడిగే డైపర్లు. ప్యాకెట్టు మీద తెల్లజుట్టు ముసలావిడ ఒకావిడ, జన్మలో అంతకంటే ఆనందం ఎరగనట్టు నవ్వుతోంది. దాన్ని ఆయన మంచం పక్క బల్ల మీద, మంచినీళ్ళ సీసా పక్కన, అందరికీ కనబడేలా నిలబెట్టాడు. ఫ్రేములు కట్టే అలవాటు మీద, వంకర లేకుండా సర్దాడు కూడా.

"దాన్ని గోడవైపు తిప్పండి," అంది ఆవిడ.

"ఎందుకు? బాగుంది కదా బొమ్మ."

"తిప్పండి."

తిప్పాడు. వెనకవైపు కూడా అదే ముసలావిడ, ఈసారి భర్తతో కలిసి నవ్వుతోంది.

సాయంత్రానికి ఆవిడకి ఒళ్ళు కొంచెం వెచ్చబడింది. మత్తు డాక్టరు వేరే ఆపరేషన్‌లో ఉన్నాడు, రాలేదు. నర్సు వచ్చి ఎంత అని అడిగితే, "రెండు," అంది పళ్ళ బిగువున. నర్సు రాసుకుని వెళ్ళింది. డ్రైవింగ్ ఆమె తన మంచం దిగి, స్టూలు లాక్కుని ఆవిడ దగ్గర కూర్చుంది.

"అక్కా, ఒక మాటడుగుతాను, కోపం తెచ్చుకోరుగా."

"అడుగమ్మా."

"నిన్నట్నుంచి చూస్తున్నాను. నీళ్ళ గ్లాసు ఎడమచేత్తోనే తీసుకుంటారు. పక్కకి తిరిగితే ఎడమకే. అద్దం పట్టుకున్నా ఎడమే. మీరు ఎడమచేతివాటమా అంటే, పొద్దున సంతకం కుడిచేత్తో పెట్టారు. రోజంతా మీకు ఎడమ ఇండికేటరే వెలుగుతోంది. కుడివైపు ఏమైంది?"

ఆవిడ ఎడమచేత్తో దుప్పటి పైకి లాక్కుంది.

"నా దగ్గర నేర్చుకునేవాళ్ళు ఉంటారు. బండి తిన్నగా గోడ మీదికి వెళ్తుంటుంది. ఏమైందండీ అంటే, అంతా బాగానే ఉంది మేడమ్ అంటారు. ఆ మాట వినగానే నేను నా వైపు బ్రేకు తొక్కేస్తాను." ఆమె తన గౌను తాడు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. "ఆ చిన్న డాక్టరు బతిమాలి పెద్దాయన్ని ఒప్పించినా, నాకు ఆ గొట్టాలు వద్దని చెప్పేస్తానక్కా. మీ రెండు మీద నాకు నమ్మకం లేదు. పదన్నా నమ్మేదాన్ని. ఆరన్నా నమ్మేదాన్ని. ఇలా చెమటలు కక్కుతూ రెండంటే, ఇక లోపల ఎంతుందో అని ఇంకా భయమేస్తోంది."

ఆమె వెళ్ళి తన మంచం ఎక్కి, గోడవైపు తిరిగి పడుకుంది. ఆవిడ కప్పు కేసి చూస్తూ ఉండిపోయింది. ఎవరి కోసమైతే నోరు కట్టేసుకుందో వాళ్ళే నమ్మడం లేదు. పెద్ద డాక్టరు నమ్మలేదు, ఊపిరి టీచరు నమ్మలేదు, ఈ పక్క మంచం పిల్ల నమ్మలేదు. పక్క తడపలేదంటే ఆయా నమ్మలేదు, కట్టుకున్నవాడు అసలే నమ్మలేదు. ఆ లెక్కన ఈ రెండు రోజుల్లో ఆవిడ చెప్పిన మాటల్లో జనం నమ్మింది ఒక్కటీ లేదు. నమ్మిందల్లా ఒక్కడు, ఆ నిద్ర చాలని కుర్రాడు. పాపం, వాడికే ఆవిడ అబద్ధం చెప్పింది.

*

మర్నాడు పొద్దున డాక్టర్లిద్దరూ, నర్సూ వచ్చేసరికి ఆవిడ జుట్టు సరిచేయించుకుని, దిండుకి ఆనుకుని, కిటికీ వెనక కూర్చున్నంత నిటారుగా ఉంది. ఫ్రేముల ఆయన కాళ్ళ దగ్గర నిలబడ్డాడు.

"జ్వరం కొంచెం ఉంది సార్. నొప్పి మాత్రం..." అని మొదలెట్టాడు మత్తు డాక్టరు.

"రెండే అయ్యుంటుంది, పద," అన్నాడు పెద్ద డాక్టరు, అప్పటికే పక్క మంచం వైపు తిరుగుతూ.

"రెండు కాదు," అంది ఆవిడ.

ముగ్గురూ ఆగారు.

"ఎడమవైపు సున్న. కుడివైపు తొమ్మిది. దగ్గితే పది అవుతుంది, కానీ నేను దగ్గడం లేదు, దగ్గుతున్నట్టు చేస్తున్నాను. వార్డుకి తెచ్చి మంచం మీదికి మార్చినప్పుడు కుడి రెక్క కింద ఏదో లాగింది. అప్పట్నుంచి మొదలు. ఇంకొకటి, పక్క తడుస్తోంది. ఎందుకో నాకు తెలియదు గానీ నేను తడపలేదు. ఇవన్నీ రాసుకోండి."

నర్సు నిజంగానే కలం తీసింది. ఫ్రేముల ఆయన నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. భార్య ఇన్ని ఫిర్యాదులు ఒక్క గుక్కలో చెప్పడం ఆయన ఎన్నడూ చూడలేదు.

"నిన్న కూడా రెండన్నారు కదమ్మా," అన్నాడు మత్తు డాక్టరు. ఆయన గొంతు పిల్లిపిల్ల గొంతులా వచ్చింది.

"తొమ్మిదీ సున్నా కలిపి సగం చేస్తే నాలుగున్నర బాబూ. అందులో సగం పెద్దరికం కింద కొట్టేశాను."

ఆయన ఆవిణ్ణి మెల్లగా ముందుకి వంచి, వీపు మీద పట్టీ అంచు గోటితో లేపి, తడి దూదిని తీశాడు. ఎడమ గొట్టం పెట్టింది పెట్టినట్టే ఉంది. కుడిది చర్మంలోంచి పూర్తిగా బయటికొచ్చి, పట్టీ కింద చుట్ట చుట్టుకుని పడుకుంది. దాని కొసన ఒక చుక్క ఊరి, లావై, జారి దుప్పటి మీద పడింది. ఆ వెనకే ఇంకొక చుక్క ఊరడం మొదలైంది.

"ఇదమ్మా తడి," అన్నాడు. "నేను పంపుతున్న మందే. రెండ్రోజులుగా మీ పరుపుకి నొప్పి తెలియకుండా చూసుకున్నాను."

ఆవిడ భర్త వైపు ఒకసారి చూసింది. ఆయన బల్ల మీది ప్యాకెట్టు తీసి, చప్పుడు కాకుండా మంచం కిందికి తోశాడు.

"నేను చెప్పలా," అన్నాడు పెద్ద డాక్టరు, పెద్ద గొడవేం లేదన్నట్టు. "పనిచేయలేదు. సరే, మామూలు ఇంజెక్షన్ వెయ్యండి."

మత్తు డాక్టరు కదల్లేదు. చేతిలో తడి దూది పట్టుకుని అలాగే నిలబడి, ఆవిడ అన్న మొదటి మాట అప్పుడే వినపడినట్టు తలెత్తాడు. "ఎడమవైపు ఎంతన్నారమ్మా?"

"సున్న."

ఆయన నర్సుని పంపి, ఫ్రిజ్జులోంచి మంచుముక్కలు తెప్పించాడు. రబ్బరు తొడుగులో వేసి, ముడివేసి, ఆవిడ ఎడమ భుజం కింద, కుట్టుకి జానెడు దూరంలో ఆనించాడు.

"ఏం తెలుస్తోంది?"

"ఏదో తగిలింది. దూదిలా."

కుడివైపు ఆనించాడు. ఆవిడ ఉలిక్కిపడింది. "అబ్బ, మంచు."

పెద్ద డాక్టరు వెనక్కి తిరిగొచ్చాడు. తొడుగు తన చేతిలోకి తీసుకున్నాడు. ఆవిణ్ణి కళ్ళు మూసుకోమన్నాడు. ఎడమ, కుడి, ఎడమ. మోసం చేద్దామని వరసగా రెండుసార్లు ఎడమే పెట్టాడు. ఆవిడ మోసపోలేదు. తొడుగు నర్సుకిచ్చేసి, ఎడమ పక్కటెముకల మీద అరచేత్తో గట్టిగా నొక్కాడు. ఆవిడ ముఖంలో మార్పేం లేదు. ఆ చెయ్యి కుడివైపు జరుగుతుండగానే, ఇంకా తాకకముందే, ఆవిడ ఆయన మణికట్టు పట్టుకుని ఆపేసింది.

పక్క మంచం మీద డ్రైవింగ్ ఆమె లేచి కూర్చుని చూస్తోంది.

"కోత ఒకటే," అన్నాడు పెద్ద డాక్టరు, ఎవరితోనో కాదు, తనతోనే అనుకుంటున్నట్టు. "నడిమధ్యన కోశాను. ఎముకని రెండు పక్కలకీ ఒకేలా విడదీశాను. ఒకే మనిషి." ఆవిడ చేతిలోంచి తన మణికట్టు మెల్లగా విడిపించుకున్నాడు. "ఇంతమందిని ఇలాగే పంపించానన్నమాట ఇంటికి. రెండు వైపులా తొమ్మిదితో."

"ఎవరూ చెప్పుండరు సార్," అంది ఆవిడ, కొంచెం జాలిగా.

"అడిగుండను," అన్నాడు ఆయన. తర్వాత గొంతు సవరించుకుని మామూలు మనిషైపోయాడు. "ఏం చూస్తున్నావ్? కుడివైపు మళ్ళీ పెట్టు. ఈసారి గట్టిగా అంటించు. రేపు ఆమెకి కూడా. అరగంట కాదు, ఇరవై నిమిషాలు."

"పాతిక సార్."

"ఇరవై రెండు," అని ఆయన తలుపు తోసుకుని వెళ్ళిపోయాడు.

*

కూర్చోబెట్టడమే అన్నిటికంటే కష్టమైంది. ఆవిడ మంచం అంచున కాళ్ళు వేలాడేసి, దిండు హత్తుకుని, ఎదురుగా నిలబడ్డ నర్సు భుజం మీద తల పెట్టింది. వీపు మీద చల్లటి జిగురు రాశారు. మత్తు డాక్టరు చిన్న యంత్రం ఒకటి వీపుకి ఆనించి, టీవీ లాంటి దాంట్లో బూడిదరంగు మబ్బులు చూస్తూ, "ఇదిగో ఎముక, ఇదిగో కండ, దాని కిందికి," అని తనలో తాను గొణుక్కున్నాడు. ఒక చురుకు. తర్వాత లోపల ఏదో నిండుతున్నట్టు బరువు.

"నొప్పిగా ఉందా?"

"ఉంది," అంది ఆవిడ వెంటనే.

"చెప్పండి, చెప్తూ ఉండండి."

"ఇప్పుడు ఇంకా ఉంది. కొంచెం కిందికి. ఆ, అక్కడ. జిగురు చాలా చల్లగా ఉంది. ఈ అమ్మాయి భుజం ఎముక నా నుదుటికి గుచ్చుకుంటోంది."

నర్సు నవ్వి భుజం సర్దుకుంది. డాక్టరు కొత్త గొట్టాన్ని అడ్డంగా, నిలువుగా, మూలగా, పార్సిల్ కట్టినట్టు పట్టీలతో అంటించాడు. ఆయన సామాన్లు సర్దుకుంటుండగా కుడివైపు మెల్లగా సద్దుమణగడం మొదలైంది. పక్కింట్లో రోజంతా తిరుగుతున్న మోటారు ఆగిపోయాక గానీ అంత చప్పుడు భరించామని తెలియదు చూడండి, అలా. ఆవిడ భయంభయంగా ఊపిరి తీసింది. ఇంకొంచెం తీసింది. ఎక్కడా ఎవరూ అడ్డం రాలేదు. చివరిదాకా తీసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఎంతమ్మా?" అన్నాడు డాక్టరు. ఈసారి ఆయన చూపులో పరీక్ష పిల్లాడు లేడు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

"ఎడమ సున్న. కుడి రెండు." ఆగి ఆలోచించింది. "రెండున్నర. గుండెకి అతకడానికని కాల్లోంచి నరం తీసిన చోట నాలుగు, అది నన్నెవరూ అడగలేదు."

ఊపిరి టీచరు రాగానే ఆవిడ అడగకుండానే దిండు తీసుకుని దగ్గింది. మూడు మంచాల అవతల ఎవరో ఉలిక్కిపడ్డారు. "ఇదండీ దగ్గంటే," అంది ఆ పిల్ల తృప్తిగా, తనే దగ్గినట్టు.

మర్నాడు పొద్దున డ్రైవింగ్ ఆమెని తీసుకెళ్ళడానికి చక్రాల బల్ల వచ్చింది. ఆమె దాని మీద పడుకుని, ఆవిడ మంచం పక్కకి రాగానే తోసేవాళ్ళని ఆపమంది. "పెట్టేశారంటే ఇక నా చేతిలో స్టీరింగ్ ఉండదక్కా," అంది.

"ఉండదు," అంది ఆవిడ. "హారన్ మాత్రం నీ దగ్గరే ఉంటుంది. ఎక్కడ నొప్పైతే అక్కడ కొట్టు. మొహమాటపడకు."

ఆమె నవ్వింది. బల్ల కదిలింది.

వార్డులో పూటకి సరిపడా నిశ్శబ్దం వచ్చింది. ఫ్రేముల ఆయన మంచం పక్కన నిలబడి, దుప్పటి చెరగు సరిచేస్తూ, ఏదో తప్పు చేసినవాడిలా భార్య వైపు చూడకుండా చూశాడు.

"నాకు కూడా చెప్పలేదేం, కుడివైపు సంగతి?" అన్నాడు చివరికి. "వాళ్ళంటే పైవాళ్ళు."

ఆవిడ ఒళ్ళోని దిండు పక్కన పెట్టింది. "మీరు నిద్రలో పళ్ళు నూరుతారు," అంది.

"నేనా?"

"రంపంతో కొయ్యని కోసినట్టు. పెద్ద ఫ్రేము కట్టిన రోజు ఇంకా ఎక్కువ."

"ఎప్పట్నుంచి?"

"పెళ్ళైన రాత్రి నుంచి."

ఆయన తన దవడ తడిమి చూసుకున్నాడు. ఇన్నేళ్ళ నిద్రలన్నీ ఒక్కసారిగా మీద పడ్డట్టు అయిపోయింది ఆయన ముఖం. ఆ ముఖం చూసి ఆవిడకి నవ్వొచ్చింది. ఆపుకుందామని దిండు కోసం చెయ్యి చాపింది గానీ, అప్పటికే నవ్వు లోపల్నుంచి తన్నుకొచ్చేసింది. భుజాలు కదిలాయి, ఛాతీ కదిలింది, మంచం కదిలింది. ఏమీ నొప్పెట్టలేదు. అది గమనించి ఇంకా నవ్వింది.

నవ్వు సద్దుమణిగేదాకా ఆయన ఓపిగ్గా నిలబడ్డాడు. తర్వాత, తన జీవితంలో మొదటిసారి, ఎదుటివాళ్ళ ఫిర్యాదు వినడానికి గొంతు తగ్గించి అడిగాడు.

"ఇంకా ఏమన్నా ఉన్నాయా?"

"బోలెడున్నాయి," అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. "ఆ స్టూలు ఇలా దగ్గరికి లాక్కుని కూర్చోండి."